ఎవరూ కూర్చోని కారు

జూన్ 3, ఆదివారం

చేతికి ఇంకేదైనా పని ఉండాలని సక్కుబాయి అంది. బస్ డిపోలో మెకానిక్ పని చాలదట. ఇంటికొచ్చాక గోడకేసి చూస్తూ కూర్చుంటానట. నాకేం అలా అనిపించదు. అయినా పెళ్లాం మాట కాదనలేక ఈ రోజు బహదూర్‌పురా వెళ్లి అజ్మత్ అలీ సాబ్‌ను కలిశాను.

ఆయన రైల్వేలో ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. డెబ్బయి దాటాయి. ఇంటి వెనక రేకుల షెడ్డు, అందులో టార్పాలిన్ కింద 1938 మోరిస్ కారు. టార్పాలిన్ తీయగానే నా చేతులు ఊరుకోలేదు. చేతులు మారకపోయినా ఎన్ని వేషాలు మారిందో పాపం! అసలు రంగు మీద తెల్ల రంగు. అంబాసిడర్ హారన్. సీట్లకు ఆకుపచ్చ రెక్సిన్. పక్క కిటికీలకు పువ్వుల పరదాలు.

"నడిపిద్దామా సాబ్?" అన్నాను.

"నడుస్తది, అది కాదు పని. అస్లీ చెయ్యాలె. కంపెనీల నుంచి ఎట్ల బయటికొచ్చిందో గట్లనే. తర్వాత పెట్టినవి ఒక్కటి గూడ ఉండొద్దు. ఇందులో ఎవరూ కూసోకముందు ఎట్లుండెనో, గట్ల."

ఎందుకు సాబ్ అని అడిగాను.

"షౌకత్ పోయి మూడేండ్లాయె," అన్నారు. షౌకత్ బీ ఆయన భార్య. అది నా ప్రశ్నకు జవాబు కాదు. అయినా మళ్లీ అడగలేదు.

జూన్ 5

కళావతి సంగతి ఇందులో రాయకూడదనుకుంటున్నాను. ఒక్కసారి రాసి వదిలేస్తాను. మాకు ఒక్కతే బిడ్డ. పందొమ్మిదేళ్లు. పోయిన భాద్రపదంలో కామెర్లతో పోయింది.

ఇక రాయను.

జూన్ 10, ఆదివారం

పరదాలు తీశాను. షౌకత్ బీ తన చేత్తో కుట్టినవట. వెనక అద్దానికుండే తెర కంపెనీదే, దాన్ని ఉంచాను. సాబ్ దగ్గర కంపెనీ వాళ్లు కారుతో పాటు ఇచ్చిన బొమ్మల పుస్తకం ఉంది. ఏ మేకు ఎక్కడుండాలో అందులో చూసుకోవచ్చు. పరదాలు ఆయన చేతికిస్తే ముఖానికి ఆనించుకున్నారు. తర్వాత కూతురిని పిలిచి ఇచ్చేశారు.

కూతురి పేరు ఖుద్సియా. ముప్పయి అయిదు దాటి ఉంటాయి. పెళ్లి కాలేదు. ఆడపిల్లల బడిలో ఉర్దూ చెప్తుంది. "అబ్బాకు ఇదొక పిచ్చి భాయ్. కానీ ఇది మొదలైనంక బువ్వ తింటున్నరు, గదే చాలు," అంది.

జూన్ 17, ఆదివారం

షెడ్డులో ఎలుకల కంపు పోయింది. కారు తలుపు తీస్తే కొత్త తోలు వాసన వస్తోంది. లోపల ఉన్నది చిరిగిన రెక్సిన్. కొత్త తోలు ఎక్కడిది? పక్కింట్లో ఎవరో చెప్పులు కుట్టించుకుంటున్నారేమో.

మాటల్లో, పరదాల కడ్డీలకు వేసిన కన్నాలు పూడ్చాలి సాబ్ అన్నాను.

"ఏ పరదాలు?" అన్నారు.

"అదే సాబ్, పోయిన ఆదివారం తీసినయి. బేగం సాబ్ కుట్టినయి."

"షౌకత్‌కు కుట్టుపని యాడొస్తది?" అని నవ్వారు. టీ తెచ్చిన ఖుద్సియా గుమ్మంలోనే ఆగిపోయింది.

వయసు.

జూన్ 28

డిపోకు సెలవు పెట్టి జుమేరాత్ బజార్‌కు వెళ్లాను. పాత సామాన్ల గుట్టల్లో పొద్దంతా వెతికితే అసలు హారన్ దొరికింది. ఇదే కంపెనీ, ఇదే ఏడు. చేతిలోకి తీసుకుంటే వెచ్చగా ఉంది. ఎండలో పడి ఉన్న ఇనుము మరి.

నిద్ర పట్టింది. చాన్నాళ్లకు.

జూలై 8, ఆదివారం

మైళ్ల మీటరు సంగతి రాసిపెట్టాలి. మొదటిరోజు చూసినప్పుడు డెబ్బయి వేలు దాటి ఉంది, బాగా గుర్తు. ఇంత తిరిగిన బండికి ఇంజను ఇంత గట్టిగా ఎలా ఉందబ్బా అనుకున్నాను. ఈ రోజు చూస్తే నలభై వేల చిల్లర. కారు చక్రాలు ఊడదీసి దిమ్మెల మీద ఉంది. మీటరు తీగ కూడా నేనే విప్పి పక్కన పెట్టాను.

లోపలి పళ్లు అరిగి జారి ఉంటుంది. అవును, అంతే అయి ఉంటుంది.

పని మాత్రం బ్రహ్మాండంగా సాగుతోంది. ఏ భాగం ముట్టుకున్నా తానే వచ్చి చోట్లో కూర్చుంటున్నట్టుంది. నా సర్వీసులో ఇలాంటి పని చేయలేదు. షెడ్డులో ఉన్నంతసేపు గుండె మీద బరువుండదు. బయటికి వచ్చాక కూడా ఈ మధ్య ఉండటం లేదు.

జూలై 15, ఆదివారం

రెక్సిన్ విప్పాను. కింద అసలు తోలు, గోధుమ రంగుది, ఇంకా ప్రాణంతోనే ఉంది. వెనక సీటులో మాత్రం ఒక మూల పెద్ద నల్లటి మరక. ఖుద్సియా తొంగి చూసి నవ్వింది.

"అది నేనే భాయ్," అంది.

అజ్మత్ సాబ్ స్టూలు లాక్కొని కూర్చొని ఆ కథ చెప్పారు.

"దవాఖానకు తోల్కపోతున్న. పురానాపూల్ మీద ఎడ్లబండ్లు అడ్డం. షౌకత్ ఎనక నుంచి ఒక్కటే కేక, ఆపుమని. కాన్పు చేసే దాయి లేదు, మందు లేదు. గిదిగో, గీ సీట్లనే పుట్టింది. నా షేర్వానీల చుట్టినం. షౌకత్ అంత నొప్పిల గూడ నవ్వుతాంది, షేర్వానీ ఖరాబ్ అయిందని!"

చెబుతుంటే ఆయన కళ్లు తడిశాయి. మరక మీద అరచెయ్యి పెట్టుకున్నారు. తర్వాత లేచి, "తీసెయ్," అన్నారు.

"తోలు గట్టిగనే ఉంది సాబ్. ఒక్క మరకనే కద."

"కంపెనీల గిది లేకుండె. కొత్త తోలు ఎయ్యి. నీకు తెల్వదు రామలింగం, గిది చూసినప్పుడల్లా నాకు లోపల ఏమైతదో."

తెలుసు సాబ్, అని మనసులోనే అనుకున్నాను.

జూలై 22, ఆదివారం

కొత్త తోలు బిగించాను. బయట బోనాల డప్పులు, వీధంతా లొల్లి. షెడ్డులోకి మాత్రం ఆ చప్పుడు ఎక్కడో దూరపు ఊళ్లో నుంచి వస్తున్నట్టు వచ్చింది.

సాయంత్రం ఖుద్సియా టీ తెచ్చింది. అజ్మత్ సాబ్ ఆమెను చూసి టోపీ సర్దుకొని లేచి నిలబడ్డారు.

"ఎవరమ్మా మీరు? ఎవరింటి పిల్ల?"

ఆమె వేళాకోళమనుకుంది. "అబ్బా, టీ చల్లారుతది," అంది.

ఆయన నా వైపు వంగి గొంతు తగ్గించి, "పాపం, తప్పిపోయినట్లుంది. రిక్షా మాట్లాడి ఇంటికి పంపియ్," అన్నారు.

ఖుద్సియా ట్రే కింద పెట్టి ఆయన ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "అబ్బా, నేను ఖుద్సియాను. ఖుద్సియా." ఆయన ఎంతో మర్యాదగా తల ఊపారు, కొత్తవాళ్లు పేరు చెబితే ఊపినట్టు.

వయసు. మా మేనమామకూ ఇలాగే అయింది. ఏం చేస్తాం?

తోలు మాత్రం ఒక్క ముడత లేకుండా వచ్చింది.

జూలై 23

మా ఇంట్లో ఈసారి బోనం ఎందుకు ఎత్తలేదో సక్కును అడగాలి. ప్రతి ఏడూ ఎత్తుతాం కదా. ఎవరు ఎత్తేవారు? సక్కుకు మెడనొప్పి, ఆమె ఎత్తదు.

ఆగస్టు 5, ఆదివారం

రంగు వేయడానికి ఖదీర్‌ను పిలిచాను. లారీలకు బొమ్మలేసే ఖదీర్, నా పాత దోస్తు. రంజాను రోజా ఉండి కూడా నా మాట కోసం వచ్చాడు. పైన నలుపు, కింద ముదురు ఎరుపు, పుస్తకంలో ఉన్నట్టే. మొదటి పూత అయ్యాక డ్యాష్‌బోర్డు కర్ర రుద్దుతానని లోపల కూర్చున్నాడు. కాసేపటికి బయటికొచ్చి నా భుజం పట్టుకున్నాడు.

"భాయ్, మా అమ్మీ పేరేంది?"

"నన్నడుగుతవేంరా?"

"తెలుస్తలేదు భాయ్. లోపల కూసున్న. మస్తు హాయిగ ఉండె. నా పాణానికి గింత హాయి ఎందుకొచ్చిందని సోంచాయించిన. చూస్తే అమ్మీ పేరు లేదు. మొఖం గూడ లేదు."

ఇంటికి ఉరికాడు. గంటకు తిరిగొచ్చి గేటు బయటే నిలబడ్డాడు, లోపలికి అడుగు పెట్టలేదు. అమ్మ పేరేమిటో వాళ్ల అన్న చెప్పాడట. "నసీబున్నిసా అంట. యాదికైతే పెట్టుకున్న. కానీ ఎవరి పేరో లెక్కనే ఉంది భాయ్, మా అమ్మీ లెక్క లేదు." ఏడ్చేవాడి ముఖం పెట్టాడు గానీ ఏడుపు రాలేదు వాడికి. "నువ్వు గూడ ఎల్లిపో. గా బండి తానొక్కతే సాఫ్ అయితలేదు. మనల్ని గూడ సాఫ్ చేస్తాంది."

కుంచెలు కూడా తీసుకోకుండా వెళ్లిపోయాడు. ఉపవాసం కడుపుతో థిన్నర్ వాసన పీల్చితే ఎవరికైనా తల తిరుగుతుంది. రెండో పూత నేనే వేశాను. తడి రంగు మీద పొరపాటున వేలు తగిలింది. చూస్తుండగానే ఆ గుర్తు మూసుకుపోయింది. మంచి రంగు.

ఆగస్టు 14

రెండో గదికి సక్కు ఎందుకు తాళం వేసి ఉంచిందో? ఎవరికైనా అద్దెకు ఇద్దామన్నాను. నన్ను ఒక చూపు చూసి వంటింట్లోకి వెళ్లింది. ఆడవాళ్ల మనసు.

ఆగస్టు 19, ఆదివారం

తాళంచెవి దొరికితే గది తీశాను. మంచం, దండెం మీద నీలం ఓణీ, కిటికీలో అద్దం, దువ్వెన. దువ్వెనకు పొడుగాటి వెంట్రుకలు ఉన్నాయి. సక్కు చెల్లెలి కూతురు వచ్చి ఉండి పోయిందేమో. అడగాలనుకొని మరిచిపోయాను.

నిద్ర బాగా పడుతోంది.

ఆగస్టు 26, ఆదివారం

రంజాను పండుగ అయింది కదా అని ఖుద్సియా షీర్ ఖుర్మా గిన్నె ఇచ్చింది. చిక్కిపోయింది. అజ్మత్ సాబ్ మాత్రం పదేళ్లు తగ్గినట్టున్నారు. మాట తప్ప, నడక, నవ్వు అన్నీ కుర్రవాడివే. నుదుటి గీతలు కూడా పల్చబడ్డాయి. ఆమెను చూసి నాతో, "గీమె ఎవరో మంచి మనిషి. రోజూ అన్నం పెడ్తది. పైసలు గూడ అడగదు," అన్నారు.

ఖుద్సియా నన్ను గేటు దాకా సాగనంపి, "పని ఆపు భాయ్, నీ కాళ్లు మొక్కుత," అంది.

"ఇంక నంబరు పలకొక్కటే మిగిలిందమ్మా," అన్నాను.

"అబ్బాకు అమ్మీ యాదికి లేదు. నేను యాదికి లేను. పలక గూడ తీస్తే ఇంకేం మిగుల్తది?"

కంపెనీ నుంచి వచ్చేటప్పుడు కారుకు నంబరు ఉండదు. ఇందులో నేను చేయగలిగిందేముంది? ఆమెకు ఈ పని విలువ తెలియదు.

సెప్టెంబరు 2

మీటరులో అన్నీ సున్నాలే.

సెప్టెంబరు 8, శనివారం

డిపో నుంచి వచ్చేసరికి సక్కు ఒక ఫొటోకు పూలదండ వేసి దీపం పెట్టింది. పాయసం వండింది. ఫొటోలో ఒక అమ్మాయి, రెండు జడలు, నవ్వాపుకుంటున్న ముఖం. చక్కని పిల్ల.

ఎవరు సక్కూ, అని అడిగాను.

గరిటె ఆమె చేతిలోంచి జారింది. నిలబడ్డచోటే కూలబడిపోయింది. ఒంట్లో బాగాలేదేమో అని మంచినీళ్లు ఇచ్చాను. తాగలేదు.

సెప్టెంబరు 9, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున సక్కు నన్ను ఆ గదిలో మంచం మీద కూర్చోబెట్టింది. నా రెండు చేతులూ పట్టుకొని, మనకొక బిడ్డ ఉండేది అంది. పేరు చెప్పింది. జ్వరం సంగతి, కళ్లు పచ్చబడ్డ సంగతి చెప్పింది. పసరు మందు పోయించిన సంగతి, అది పనిచేయక ఆస్పత్రికి పరిగెత్తిన సంగతి చెప్పింది. అంతా విన్నాను. రైల్లో పక్కవాళ్లు చెప్పుకుంటే విన్నట్టు ఉంది. లోపల ఎక్కడా ఏదీ కదలలేదు. కానీ సక్కు నా చేతులు వదల్లేదు. ఇన్నేళ్లు నాతో కాపురం చేసిన మనిషి అబద్ధం చెప్పదు. ఆమె చెప్పింది నిజమైతే, నాకేమైనట్టు?

అప్పుడు భయం వేసింది. కారు సంగతి, అజ్మత్ సాబ్ సంగతి, ఖదీర్ సంగతి చెప్పేశాను. నమ్మదనుకున్నాను. చెంగు నడుముకు దోపి, "నడువు," అంది.

వాన. కిషన్‌బాగ్ నుంచి బహదూర్‌పురా దాకా బురదలో నడిచాం. షెడ్డు ముందు ఖుద్సియా గోడకు ఆనుకొని తడుస్తోంది. లోపలికి వేలు చూపించింది. నంబరు పలకలు రెండూ నేల మీద ఉన్నాయి. పోయిన ఆదివారం నేను చక్రాల మీదికి దించిన కారులో అజ్మత్ సాబ్ స్టీరింగు ముందు కూర్చున్నారు. తనే స్క్రూలు విప్పుకున్నారట.

ఆయన ముఖం రాయలేను. ఒక్క గీత లేదు. వెనక సీటు కొత్త తోలులా నున్నగా ఉంది. నన్ను చూసి నవ్వారు. పసిపిల్లలు ఎవరిని చూసినా నవ్వే నవ్వు.

"సాబ్, నేను రామలింగాన్ని."

నవ్వు.

"మీ పేరు చెప్పుండ్రి సాబ్."

కాసేపు వెతుక్కున్నారు. దొరకలేదు. దొరకనందుకు బాధ కూడా లేదు. షెడ్డు బయట వాన దంచుతోంది. లోపల మాత్రం అంతా కొత్త తోలు వాసన, కొత్త రంగు వాసన. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. నాకూ వెళ్లి ఆయన పక్కన కూర్చోవాలనిపించింది. సక్కు వెంట రాకపోయి ఉంటే కూర్చునేవాణ్ణే.

సక్కు వెనక తలుపు తీసింది. మోకాళ్ల దాకా బురద. తడి చీర.

"సక్కూ! కొత్త తోలు!" అని అరిచాను. ఆ అరుపు నాదే. రాయకుండా ఎలా దాచను?

ఆమె నా కళ్లలోకి చూసింది. "అవు, కొత్త తోలే," అని ఎక్కి కూర్చుంది. కాళ్లు తుడుచుకోలేదు. ఖుద్సియా అటువైపు నుంచి ఎక్కింది. "ఎవ్వరు కూసోని బండయితే మనం కూసుందాం," అంది సక్కు. "నడుపు."

అజ్మత్ సాబ్‌ను పక్కకు జరిపాను. దూదిలా జరిగారు. బండి తాళం తిప్పగానే లేచింది. కారు కదిలింది గానీ చాలాదూరం కదిలినట్టే లేదు. గతుకులు తెలియలేదు, వాన అద్దాన్ని తాకినట్టు లేదు. జూ గోడ పక్కన జనం మమ్మల్ని చూడకుండా తప్పుకుంటున్నారు.

వెనక నుంచి సక్కు మాట్లాడుతూనే ఉంది. "కాకరకాయ కూరంటే పళ్లెం నూకేసేది. టైపు నేర్చుకుంటనని నీ ఎంటబడ్డది. నువ్వు సరే అన్ననాడు వాడకట్టంత తిరిగి చెప్పింది. నీ చొక్కా జేబుల చెయ్యి పెట్టకుండ ఏనాడన్న ఇంట్లకు రానిచ్చిందా నిన్ను?"

ఏమీ గుర్తుకు రాలేదు. నడుపుతూనే ఉన్నాను.

పురానాపూల్ దగ్గర పెద్ద గుంట. నేను తప్పించలేదు. దబ్బున పడ్డాం. బురదనీళ్లు కిటికీలోంచి నలుగురి మీదా చిమ్మాయి. సక్కు గాజులు తలుపుకు తగిలి పగిలాయి, రంగు మీద బర్రున గీత పడింది. బానెట్ కింద ఏదో వదులై గలగలమంది. ఆ చప్పుడుకు ఊళ్లోని రొద ఒక్కసారి చెవుల్లో పడింది. రిక్షా గంటలు, తిట్లు, వాన.

మొదట నా అరచేతులకు గుర్తుకొచ్చింది. వేడి. రెండు చేతుల మీద ఎత్తుకున్న ఒంటి వేడి, తల నా భుజం మీద వాలి, "నాయినా, దింపు, సిగ్గయితది, నేను నడుస్త," అని. దింపలేదు నేను. ఆస్పత్రి మెట్లన్నీ ఎత్తుకునే ఎక్కాను. పైకెక్కేసరికి బరువు మారింది.

కళావతి.

బండి పక్కకు తీసి ఆపాను. స్టీరింగు మీద తల పెట్టుకొని ఎంతసేపు ఏడ్చానో తెలియదు. ఏడాది ఏడుపు. సక్కు వెనక నుంచి నా జుట్టు పట్టుకొని గుంజుతూ ఏడ్చింది. కోపమో ప్రేమో. రెండూనేమో.

తల ఎత్తి చూస్తే అజ్మత్ సాబ్ బుగ్గల మీద కూడా నీళ్లు. వాన నీళ్లు కావు. ఆయన అవి వేలితో తుడిచి, వేలిని వింతగా చూసుకున్నారు. నుదుటి మీద ఒక గీత వచ్చింది.

"రామలింగం," అన్నారు. నా పేరు ఎలా దొరికిందో. "నేనెందుకు ఏడుస్తున్న?"

సక్కు ముందుకు వంగి ఆయన భుజం మీద చెయ్యి వేసింది. ఇంట్లో ఎప్పుడూ ఆయన్ను సాబ్ అనే మనిషి. "ఏడ్వు బాపూ," అంది. "ఎవరి కోసమో మేం చెప్తం."

ఖుద్సియా చెప్పడం మొదలుపెట్టింది. "మా అమ్మీ పేరు షౌకత్ బీ..."

సెప్టెంబరు 16, ఆదివారం

వారం రోజులుగా డిపో నుంచి ఖుద్సియాకు బండి నడపడం నేర్పడానికి వెళ్తున్నాను. మళ్లీ కొత్తది కాకుండా రోజూ వీధిలోకి తీయాలని ఆమె పంతం. రోజుకో గీత పడుతోంది, బడి పిల్లలు ఎక్కి జామకాయలు తిని గింజలు ఉమ్ముతున్నారు. నాకు ప్రాణం ఉసూరుమంటోంది, కానీ ఏమీ అనడం లేదు.

అజ్మత్ సాబ్‌కు భార్య ముఖం తిరిగి రాలేదు. కూతురు ఎవరో తెలియలేదు. ఖుద్సియా రోజూ మొదటి నుంచి చెబుతుంది, ఆయన రోజూ మర్యాదగా విని, ఏడ్చి, అన్నం తిని పడుకుంటారు. నేను ముందే ఆపి ఉంటే! ఆ మాట ఆమె ఒక్కసారి కూడా అనలేదు.

నాకు రాత్రిళ్లు నిద్ర లేదు. సక్కుకూ లేదు. ఇద్దరం కూర్చొని కళావతి గురించి మాట్లాడుకుంటాం, మధ్యలో పోట్లాడుకుంటాం, పసరు మందు పోయించమన్నది ఎవరని.

ఈ రోజు ఖుద్సియా తొలిసారి ఒంటరిగా బండి తీసింది. బయలుదేరుతుంటే అజ్మత్ సాబ్ గేటు దాకా నడిచి వచ్చి, ఆమె దుపట్టా తలుపులో ఇరుక్కోకుండా లోపలికి సర్ది, తలుపు వేశారు.

"మెల్లగ పో బేటా," అన్నారు.

తెలిసి అన్నారో, పెద్దవాళ్లు ఏ ఆడపిల్లనైనా అన్నట్టు అన్నారో. ఖుద్సియా అడగలేదు. చాలా మెల్లగా పోనిచ్చింది.